తలుపు పైన పాయింటు

బంగారు అక్కకి,

ఆఫీసుల గోడలకి కన్నాలు పెట్టి పెట్టి నీ చేతులు నొప్పెడుతుంటాయని తెలుసు. అయినా ఈసారి చెల్లెలి ఇంటి గోడలకీ పెట్టక తప్పదు. మా ఇంట్లో వైఫై చుట్టపుచూపుగా వచ్చిపోతోంది. ఆన్‌లైన్లో పిల్లలకి భిన్నాలు చెబుతుంటే తెరమీద తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోతానట, అటువైపు ఒకటే నవ్వులు. నీ మరిది చూసీ చూసీ, "ఇలా కాదు, ఇల్లంతా వైరు లాగించేద్దాం. మీ అక్క ఉందిగా" అన్నారు. నా పాఠాల కోసం ఆయన ఇంత ఆలోచించారంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆయన చెప్పిన ప్లాను ఇది. రౌటరూ, ఇంటి వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్చు పెట్టే ఆయన గదిలో, తాళం వేసే అలమరాలో ఉంటాయి. అక్కడినుంచి వీధి తలుపు పైన ఒక పాయింటు, వంటింటి తలుపు పైన ఒకటి, హాల్లో కప్పు మూలన ఒకటి. నేను పాఠాలు చెప్పే గదిలో నా కుర్చీ వెనక గోడకి, అదీ బాగా ఎత్తున. వైరులోంచే కరెంటు కూడా వెళ్ళే రకం స్విచ్చు కావాలట. పాపం, నా బల్ల దగ్గర పాయింటు చెప్పడం మాత్రం మరిచిపోయారు. నువ్వే గుర్తుపెట్టుకుని వేసెయ్.

జవాబు పక్క వీధి దర్జీ ఆవిడ చిరునామాకి రాయి. ఇంటికొచ్చిన ఉత్తరాలు ముందు ఆయనే విప్పుతారు, సాయంత్రమయ్యేసరికి నా ఫోనూ తిరగేస్తారు. ప్రేమ ఎక్కువైనా చిక్కే కదా.

నీ పిచ్చుక

* * *

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వుకున్నాను. తర్వాత నీ ప్లాను కాగితం మీద గీస్తుంటే చెయ్యి ఆగిపోయింది. కంప్యూటరు బల్లమీద ఉంటుంది, టీవీ గోడకి ఉంటుంది. తలుపు నెత్తిన కూర్చుని పనిచేసే మనిషి ఎవరే? ఆ ఎత్తున నేను పాయింటు వేసేది కెమెరాలకి. దుకాణాల్లో, గోదాముల్లో రోజూ చేసే పనే. వైరులోంచి కరెంటు కావాలన్నదీ వాటికోసమే, అప్పుడు పక్కన ప్లగ్గు లేకపోయినా నడుస్తాయి. నీ బల్ల సంగతి ఆయన మరిచిపోలేదే తల్లీ. ఆ ప్లానులో నీ పాఠాలే లేవు.

గోదాములో దొంగల కోసం పెడతారు. నీ వంటింట్లో ఎవరి కోసం?

ఆ వైరు నేను లాగను. నా చేత్తో నిన్ను కట్టెయ్యలేను. వచ్చెయ్యవే అని అరవాలని ఉంది, కానీ అరిస్తే నువ్వు ఆయన్నే వెనకేసుకొస్తావు. అందుకని ఒక్కసారి ఆయన మొహం చూసి అడుగు.

అక్క

* * *

అక్కా,

అడిగాను. దాస్తారనుకున్నాను, దాచలేదు. "అవును, కెమెరాలే. నీ మంచికే. దాచుకోవడానికి నీ దగ్గరేముంది?" అన్నారు. నిజంగానే ఏమీ లేదు కదా. "మీ అక్క రాకపోతే దేశం గొడ్డుపోలేదు" అని ఇంకో పనివాణ్ణి పిలిపించారు. అతనికి మంచినీళ్ళిచ్చింది నేనే, రాలిన సున్నం ఊడ్చిందీ నేనే. లేనిపోని అనుమానం పెట్టావని నిన్ను తిట్టుకున్నాను కూడా. పాఠం మధ్యలో ఒక పిల్ల "టీచర్, మీ వెనక ఆ ఎర్ర లైటేంటి?" అని అడిగితే గడియారమని అబద్ధమాడాను.

ఇవాళ పొద్దున వంటింట్లో కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాను. తలుపు పైనుంచి ఆయన గొంతు: "పాలు పొంగుతున్నాయి చూడు." ఆయన ఆఫీసులో ఉన్నారు, మాట్లాడింది కెమెరాలోంచి. పరుగెత్తి పొయ్యి ఆర్పి, పైకి చూసి, "థాంక్సండీ" అన్నాను. గోడకి థాంక్స్ చెప్పానక్కా! ఉలిక్కిపడను కూడా లేదు. అలవాటు పడిపోయానని అప్పుడు తెలిసింది, అప్పుడే భయమేసింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే, ఆ కెమెరాలు పీకేసినా నేను అలాగే మెలుగుతాను.

బట్టలు సర్దాను. చాటుగా సర్దుకోవడానికి చోటేదీ, హాలు మధ్యలోనే సర్దాను. నీ దగ్గరికి రావడం లేదు, కోప్పడకు. ఆయన ముందు వెతికేది నీ గుమ్మమే. దర్జీ ఆవిడ ఒక హాస్టల్లో నాకు మంచం మాట్లాడిపెట్టింది. ఫోను ఇంట్లోనే వదిలేశాను. పిల్లలకి భిన్నాలు సగంలో ఉన్నాయి, ఎందుకు ఆపేశానో చెప్పే దారి కూడా లేదు. అది తలుచుకుంటే ఏడుపు ఆగడం లేదు.

వీధి తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే పైనుంచి అడిగారు: "ఎక్కడికి? ఎప్పటికల్లా వస్తావ్?" చేతిలో సంచి ఆయనకి కనబడుతూనే ఉంది. అయినా కూరలకి వెళ్తున్న మనిషిని అడిగినట్టే అడిగారు. పెళ్ళైన దగ్గర్నుంచీ గడప దాటినప్పుడల్లా "వెళ్ళొస్తానండీ" అనే అన్నాను, అమ్మ నేర్పిన మాట. అదే నోటిదాకా వచ్చింది. మింగేసి, తలెత్తి, "వెళ్తున్నాను" అన్నాను.

నీ పిచ్చుక