బ్లూ తాకిందన్నాడు

జూన్ 4, మంగళవారం

మౌని రిటైరయ్యాడు.

పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే టీవీలో చెప్పారు. వాడు మాత్రం నాకు చెప్పలేదు. చెప్పడని తెలుసు. చిన్నప్పుడు ఒకే క్లబ్బులో, ఒకే టేబుల్ దగ్గర స్నూకర్ మొదలుపెట్టినవాళ్ళం. అప్పటినుంచి వాడు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపి రాసినా ఈ పేజీ నిండదు. మౌని అని పేరు పెట్టిందే నేను. ఇప్పుడు లోకమంతా అదే పేరుతో పిలుస్తోంది.

మధ్యాహ్నం దాకా ఫోన్ మోగుతూనే ఉంది. అందరిదీ ఒకటే ప్రశ్న. ఆటలో గొప్పవాళ్ళున్నారు కదా, వాళ్ళలో మౌని ఎక్కడ? వాడిని అడిగితే నోరు విప్పడు కాబట్టి నా తల తింటున్నారు. వాడి చేతిలో నేను ఓడినన్నిసార్లు ఇంకెవరూ ఓడలేదు మరి. ఆ సబ్జెక్టులో నేను ఎక్స్‌పర్ట్‌ని.

గొప్పవాడే అన్నాను. ఎంత గొప్పవాడు అని గుచ్చి గుచ్చి అడిగితే సిగ్నల్ సరిగ్గా లేదన్నాను.

జూన్ 5, బుధవారం

పెద్దాయనకి ఏడు ఛాంపియన్‌షిప్పులు. పెద్దాయన అంటే మా ముందు తరం ఆటగాడు, పోయి చాలా కాలమైంది. మౌనికి ఆరు. ఏడోది రావాల్సిన ఏడాది ఫైనల్లో వాడిని ఓడించింది నేను. నేను గెలిచింది ఆ ఒక్కటే. అంటే వాడికీ మొదటి స్థానానికీ మధ్య అడ్డంగా నిలబడ్డది నేనన్నమాట. ఆ కప్పు మా హాల్లో ఉంది. మా ఆవిడ అందులో తాళాలు, కరెంటు బిల్లులు, డేటు దాటిన మాత్రలు వేస్తుంది.

ఆ ఫైనల్ గురించి ఇవాళ ముగ్గురికి చెప్పాను. ముగ్గురికీ మూడు రకాలుగా చెప్పానేమోనని అనుమానం. అందుకే ఒకసారి సరిగ్గా రాసుకుంటున్నాను.

ఆఖరి ఫ్రేమ్. దాన్ని గెలిచినవాడిదే కప్పు. టేబుల్ మీద నాలుగు రంగు బంతులే మిగిలాయి. బ్రౌన్, బ్లూ, పింక్, బ్లాక్. వాడు పద్నాలుగు పాయింట్లు ముందున్నాడు. బ్రౌన్, ఆ తర్వాత బ్లూ పాకెట్లో వేస్తే కథ అయిపోయినట్టే. బ్రౌన్ కొట్టాలంటే బ్లూ మీదుగా వంగాలి. వంగాడు. క్యూ కర్ర ముందుకీ వెనక్కీ ఆడించాడు. కొట్టలేదు. లేచి నిలబడి, చొక్కా చెయ్యి బ్లూకి తాకింది, ఫౌల్ అని రిఫరీతో చెప్పాడు.

హాల్లో ఎవరూ అది చూడలేదు. నేనూ చూడలేదు. కుర్చీలో మొహం మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను, భయంతో. నాకు ఐదు పాయింట్లు ఇచ్చారు, వంతు నాకు వచ్చింది. నాలుగూ వరసగా వేశాను. ఎలా వేశానో నాకిప్పటికీ తెలియదు.

కప్పు నాకిచ్చారు. చప్పట్లు వాడికి కొట్టారు.

జూన్ 7, శుక్రవారం

ఛానల్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పదహారో తేదీ ఆదివారం మౌని గురించి లైవ్ ప్రోగ్రాం. ఐదుగురు పాత ఆటగాళ్ళం కలిసి, ఆల్ టైం గ్రేట్ మౌనినా, పెద్దాయనా తేల్చాలట. మిగతా నలుగురూ ఓటు చెప్పేశారట. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. నాది మాత్రం లైవ్‌లో చెప్పాలట, సస్పెన్స్‌గా ఉంటుందట.

మౌని కూడా వస్తాడు, మీ ఎదురుగానే కూర్చుంటాడు సార్, అని సంతోషంగా చెప్పింది.

వాడు ఒకటో వాడైతే నేను ఒకటో వాడి చేతిలో ఓడినవాడిని, అదీ ఒక గౌరవమే. వాడు రెండో వాడైతే నేనెవరిని? సరే వస్తానన్నాను. ఎందుకన్నానో.

జూన్ 8, శనివారం, మధ్యాహ్నం

ఆ అమ్మాయి మళ్ళీ చేసింది. గొంతు మారిపోయింది. ప్రోగ్రాం కోసం వెతుకుతుంటే ఆ ఫైనల్ టేపు ఇంకొకటి దొరికిందట. టేబుల్ పక్కన కింది నుంచి తీసిన కెమెరా, అప్పట్లో ఎవరూ వాడలేదట. క్లిప్ ఫోన్‌కి పంపింది. సౌండ్ లేదు.

మౌని చెయ్యి బ్లూ పైనుంచి వెళ్ళింది. చొక్కా అంచు కిందికి వేలాడింది. చొక్కాకీ బంతికీ మధ్య సందు ఉంది. వెలుతురు కనిపిస్తోంది. తాకలేదు.

అసలు తాకలేదు.

సాయంత్రం

మా ఆవిడకి చూపించాను. తను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, ఎవరి చూపునీ ఊరికే నమ్మదు. ఆపి, పెద్దది చేసి, అద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని చూసింది. గోరంత సందుందండీ, అంది. ఆ తర్వాత కప్పు వైపు చూసింది. నేనూ చూశాను. టీవీ పెట్టింది.

జూన్ 9, ఆదివారం

తాకకుండా తాకిందని ఎందుకంటాడు?

ఆ బ్రౌన్ కష్టమైన షాట్. పొద్దుటినుంచి అదే ఆలోచిస్తున్నాను. తప్పిపోతే, చేతిలో ఉన్న ఏడో కప్పు జారవిడుచుకున్నాడు, చెయ్యి వణికింది అని జీవితాంతం చెప్పుకునేవారు. ఫౌల్ అని చెప్పి ఓడితే? పెద్దమనిషి అన్నారు. స్కూలు పుస్తకాల్లో పాఠం కూడా పెట్టారు. అంటే మౌని భయపడ్డాడా? నేను తువ్వాలు కప్పుకున్నాను, వాడు ఫౌల్ కప్పుకున్నాడా?

ఇలా అనుకోగానే ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది.

జూన్ 11, మంగళవారం

హాయి రెండు రోజులు కూడా నిలవలేదు.

ఇవాళ స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. ఆ ఫైనల్‌కి ముందు డ్రెస్సింగ్ రూంలో వాడితో అన్నాను, ఇది కూడా పోతే ఆట మానేసి మా బావమరిది టైర్ల షాపులో కూర్చుంటానని. వాడు క్యూకి చాక్ రాసుకుంటూ ఊఁ అన్నాడు. అంతే. కానీ విన్నాడు.

జాలిపడి ఇచ్చాడా? నన్ను టైర్ల నుంచి కాపాడాడా? ఇన్నేళ్ళూ నేను ఛాంపియన్‌నని అనుకుని క్లబ్బులో పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. వాడు వేసిన బిచ్చం చూపించి ఫీజు తీసుకుంటున్నానా? ఒళ్ళు మండిపోయింది. సబ్బు కళ్ళలో పడింది, అదొకటి.

భయపడ్డాడనుకుంటే వాడు చిన్నవాడైపోతాడు. జాలిపడ్డాడనుకుంటే నేనైపోతాను. ఏది నిజమో తెలియకుండా ఓటెలా వెయ్యను?

జూన్ 12, బుధవారం

ఆ ఫైనల్ రిఫరీ ఇంటికి వెళ్ళాను. మోకాళ్ళు పనిచెయ్యవు, మంచం మీదే ఉంటున్నాడు. క్లిప్ చూడనన్నాడు. ఎంత బతిమాలినా ఫోన్ వైపు తల తిప్పలేదు. ఆటగాడు తాకిందని చెబితే తాకినట్టే, నిజమా అని మేం అడగం, అడిగిన రోజున ఈ ఆట ఉండదు, అని కసిరాడు. పైగా నాకే అక్షింతలు వేశాడు. గెలిచినవాడివి, ఇంట్లో కూర్చోక ఈ తిరుగుడేమిట్రా అన్నాడు.

నిజమే. ఏమిటీ తిరుగుడు?

జూన్ 14, శుక్రవారం

ఛానల్ అమ్మాయిని ఆ క్లిప్ వెయ్యొద్దని అడిగాను. కొత్త టేపు ఉందని ప్రోమో కూడా వెళ్ళిపోయింది సార్, క్లిప్ మాత్రం దాచాం, అంది. మౌనికి చెప్పారా అంటే, లైవ్‌లోనే చూస్తాడు, ఆ ఎక్స్‌ప్రెషన్ కావాలి అంది.

అందుకే మౌని ఇంటికి నేనే వెళ్ళాను. అందుకే అని రాశాను గానీ, సగం నిజం. నాకు సమాధానం కావాలి, అదీ మిగతా సగం.

వాడే తలుపు తీశాడు. వెనక గదిలో సొంత టేబుల్ ఉంది, దాని మీద దుమ్ము పడకుండా గుడ్డ. ఫోన్ చేతిలో పెట్టాను. చూశాడు. మళ్ళీ చూశాడు. సౌండ్ లేదా అని అడిగాడు. లేదన్నాను. ఫోన్ తిరిగిచ్చి, తాకింది, అన్నాడు.

తాకలేదురా, కనిపిస్తోంది కదా, అన్నాను. తాకింది, నాకు తెలిసింది, అన్నాడు. జాలిపడ్డావా అని అడిగేశాను. అర్థం కానట్టు చూశాడు. భయపడ్డావా అన్నాను. దానికీ అలాగే చూశాడు. కాఫీ కలిపి ఇచ్చాడు. పంచదార వెయ్యడం మర్చిపోయాడు, నేనూ అడగలేదు.

జూన్ 15, శనివారం

మౌని వాళ్ళావిడ ఫోన్ చేసింది. ఏం చూపించారు అన్నయ్యగారూ, అని ఏడ్చింది. నిన్న నేను వచ్చేశాక అన్నం ముట్టుకోలేదట. పాత చొక్కా బీరువాలోంచి తీయించుకుని, టేబుల్ మీదికి వంగడం, లేవడం, వంగడం, లేవడం. పిలిస్తే పలకడం లేదట. ఇన్నేళ్ళలో ఆయన ఆ మ్యాచ్ గురించి ఒక్కసారి కూడా బాధపడలేదండీ, అంది. హాయిగా నిద్రపోయేవారు అంది.

ఎంత పని చేశాను. నా సమాధానం కోసం వెళ్ళి వాడికి ప్రశ్న ఇచ్చి వచ్చాను.

జూన్ 17, సోమవారం

నిన్నటిది రాయాలి. చెయ్యి సాగడం లేదు.

స్టూడియోలో చలి. మౌనికి మొహం నిండా పౌడర్ వేశారు, పెళ్ళికొడుకులా కూర్చోబెట్టారు. క్లిప్ మూడుసార్లు వేశారు, మూడోసారి బాణం గుర్తు పెట్టి మరీ. యాంకర్ వాడి వైపు తిరిగి, తాకలేదు కదా సార్, అన్నాడు.

మౌని చొక్కా చెయ్యి సర్దుకున్నాడు. చివరికి, తాకిందనుకున్నాను, అన్నాడు.

అనుకున్నాను. మొన్న నాతో తాకింది అన్నాడు, అంతే. ఈ రెండు రోజుల్లో ఆ ‘అనుకున్నాను’ వచ్చి చేరింది. అది నా పనే. వాడి మొహం చూడలేకపోయాను. ఏడో కప్పు పోయినందుకు కాదు, తన మాట తనకే అనుమానమైనందుకు అలా అయిపోయాడు.

యాంకర్ నా వైపు తిరిగాడు. న్యాయంగా అయితే మౌనికి ఏడు, పెద్దాయనతో సమానం, పైగా ఈ నిజాయితీ, కాబట్టి మీ ఓటు ఎవరికో తెలిసిపోతోంది సార్, అన్నాడు. మౌని స్థానం ఒకటి అని ఒక్క మాట అంటే చాలు. జనం లేచి నిలబడతారు, నేనూ మంచివాణ్ణైపోతాను. పెదాల దాకా వచ్చింది.

రెండు, అన్నాను.

మా ఆటలో ఆటగాడు తాకిందంటే తాకినట్టే, అన్నాను. రిఫరీ కూడా అడగడు, కెమెరాకి అడిగే హక్కెక్కడిది, అన్నాను. వీడు తాకిందన్నాడు. కాబట్టి తాకింది. కాబట్టి వీడికి ఆరే. ఇంకొకటి ఇస్తే వీడి మాట తప్పని నేను ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోను. గొంతు పెద్దదైపోయింది, మైకు కీచుమంది.

అసూయ అనుకోవచ్చా సార్, అని యాంకర్ నవ్వాడు. అదీ ఉంది, అన్నాను. మౌని తలెత్తి నన్ను చూశాడు. ఏమీ అనలేదు. వాడెప్పుడన్నాడు గనక.

మా ఆవిడా నేనూ కారులో ఇంటికొచ్చాం. తలుపు తాళం తీస్తూ, అది ఆయన కోసం అన్నారా, కప్పు కోసం అన్నారా, అని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

జూన్ 18, మంగళవారం

ఫోన్ ఆఫ్ చేసేశాను. తిట్లు చదివి చదివి కళ్ళు నొప్పి. దొంగ ఛాంపియన్ అట. బాగానే ఉంది పేరు.

జూన్ 22, శనివారం

మౌని వచ్చి క్లబ్బుకి తీసుకెళ్ళాడు. ఇద్దరమే. ఎవరూ చూడటం లేదు, గెలిచినా ఓడినా ఎవరికీ ఏమీ రాదు. నాలుగు బంతులూ ఆ రోజు ఉన్నట్టే పెట్టాడు. ఆ చొక్కానే వేసుకున్నాడు. నన్ను బ్లూ పక్కనే కూర్చోబెట్టాడు.

వంగాడు. నేను కళ్ళార్పలేదు.

లేచి, ఫౌల్, అన్నాడు.

తాకలేదు.

వాడు ఫౌల్ అన్నాడు, వంతు నాది. లేచి వెళ్ళి బ్రౌన్ కొట్టాను.