చెక్క ఆసరా లేని కప్పు

యజ్ద్ పట్నం

ఇంజనీరు సియామక్ గారికి,

మీ నోటీసు అందింది. తూబా ఖానుమ్ ఇంటికి నేను కట్టిన ఇటుక కమాను కప్పుకు, కట్టేటప్పుడు కింద చెక్క ఆసరా పెట్టలేదట, కూలిపోతుందట, కిందకు ఎవరూ వెళ్లకుండా వెంటనే పడగొట్టాలట.

పని మొదలైన రోజు మీరేమన్నారు? "ఈ పిడికెడు పిడికెడు కలపడమేంటి ఉస్తాద్? జిప్సమంతా ఒకేసారి కలిపెయ్యండి!" కలిపాం. మీరే మీ కొలబద్దతో తిప్పారు. మీ టీ చల్లారేలోపే అది రాయైపోయింది, కొలబద్ద అందులోనే నిలబడిపోయింది. తూబా ఖానుమ్ ఇప్పుడు దానికి మేకను కట్టేస్తోంది. "ఇంజనీరుగారు కట్టినవాటిలో కదలనిది ఇదొక్కటే" అంటోంది.

మీరు అలిగి వెళ్లాక, వెనక గోడకు ఆనించి, పిడికెడు జిప్సంతో ఒక్కో ఇటుకా అతికించుకుంటూ వచ్చాను. అది అంత త్వరగా బిగుస్తుంది కాబట్టే మాకు చెక్కలతో పనిలేదు.

పడగొట్టడానికి ఒక్కటే ఇబ్బంది. నోటీసు తెచ్చిన మీ మనిషి ఎండకు తాళలేక ఆ కప్పు కిందే నిద్రపోతున్నాడు. లేపి, మీ నోటీసు బిగ్గరగా చదివి వినిపించాను. "ఇక్కడ చల్లగా ఉంది ఉస్తాద్, కాసేపాగండి" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇట్లు,
మీరు పాతకాలంవాడన్న మేస్త్రి