బల్బు ఎత్తిన కొద్దీ

ఇంటి నుంచి,
27 ఫిబ్రవరి 2001

అమ్మకు నమస్కారం. శ్రీరమ్య రాస్తున్నాను.

ఇక్కడ నాన్న, నాయనమ్మ, నేను కులాసా. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తానని ప్రతి ఉత్తరంలోనూ రాసేదాన్ని. ఈసారి తలచుకోవాల్సిన పని లేదు. కులాసాగానే ఉన్నావని నాకు తెలుసు. ఎలా తెలుసో తర్వాత రాస్తాను. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు.

నాయనమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. అయినా కల్లంలో మిరపకాయలు పోసిన దగ్గర్నుంచి ఇంట్లో కూర్చోవడం లేదు. "తాలుకాయలు ఏరడానికి కళ్లు కావాలి గానీ మోకాళ్లెందుకే?" అంటూ గొడుగు వేసుకుని పొద్దుట్నుంచీ అక్కడే. కూలీలతో పోట్లాట యథాతథం. ఈ 'యథాతథం' అనే మాట మా కాలేజీలో తెలుగు చెప్పే గురునాథం మాస్టారి దగ్గర నేర్చుకున్నాను. ఈ మధ్య ఒక మంచి మాట దొరికితే ఓణీ కొంగున ముడేసుకున్నట్టు రోజంతా వెంట తిప్పుకుంటున్నాను. నువ్వు వింటే నవ్వుతావు. నాయనమ్మ మాత్రం "దీనికి చదువు తలకెక్కిందిరా" అని నాన్నకు చెప్పింది. "ఎక్కాల్సింది అక్కడికే కదే అమ్మా" అన్నాడు నాన్న.

పరీక్షలు వచ్చే నెల. చదువుతున్నాను.

ఇక కోడిపిల్లలు. నీ ఉత్తరంలో సగం వాటి గురించే అడిగావు. బల్బు ఎంత ఎత్తులో ఉంది, నీళ్లు గోరువెచ్చగా పెడుతున్నావా, అడ్డు ఎంత జరిపావు అని. చెబుతాను. పోయిన నెల ఒక ఆదివారం రాలేనని చీటీ రాసి, కండక్టరు జయరావు గారికిచ్చి నువ్వు పంపిన అట్టపెట్టెను నేనే బస్టాపులో దించుకున్నాను. కన్నాల్లోంచి పసుపు ముక్కులు కనబడుతుంటే నువ్వు రాలేదన్న సంగతి ఇంటికి చేరేదాకా గుర్తు రాలేదు. దాన్ని గుర్తు పెట్టుకో అమ్మా, మళ్లీ అక్కడికి వస్తాను.

గొడ్ల సావిట్లో ఒక మూల ఊక పోసి, పైన పాత పేపర్లు పరిచాను. చుట్టూ అట్టలతో గుండ్రంగా అడ్డు కట్టాను. గంప బోర్లించి దాని నడుమ బల్బు వేలాడదీశాడు నాన్న. పేపర్లు మార్చేటప్పుడల్లా కింద ఉన్న వార్తలు చదవడం నాకొక పిచ్చి అయింది. పిల్లలు కాలేసిన చోటల్లా ఒక్కో అక్షరం పోతుంది, పోయిన మాటేమిటో ఊహించుకుంటాను.

పశువుల ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితంలో 'వేడిని క్రమేణా తగ్గించవలెను' అని ఉంది. క్రమేణా! ఎంత మెత్తటి మాట అనుకున్నాను. వారం గడిస్తే బల్బు కాస్త ఎత్తాలి, అడ్డు కాస్త జరపాలి. పిల్లలకు తేడా తెలియకూడదు. ఈకలు వచ్చే లోపల అసలు బల్బే లేకుండా అలవాటు పడాలి. మొదటిసారి అలాగే ఎత్తాను. బాగానే ఉన్నాయి. రెండోసారి కాగితం చూసి ఎత్తేసి, రికార్డులు రాసుకోవాలని వెళ్లిపోయాను. ఆ పూట ముసురు పట్టి ఈదురుగాలి తోలింది. పొద్దున్నే వెళ్లి చూస్తే పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటెక్కి కుప్పగా ఉన్నాయి. పైనున్నవాటిని తీస్తుంటే అడుగున కొన్ని అప్పటికే చల్లబడిపోయి ఉన్నాయి. చలికి పోలేదు, పైవాటి బరువుకు ఊపిరాడక పోయాయి. నేను ఏడుస్తుంటే నాన్న వచ్చి బల్బు కిందికి దించాడు. "కాగితానికి చలెయ్యదు అమ్మడూ. ఎత్తావు సరే, ఎత్తాక కాసేపు కూర్చుని వాటిని చూడొద్దూ?" అన్నాడు.

అప్పట్నుంచి చూస్తూనే ఉన్నాను. బల్బు కింద ముద్దగా చేరితే చలి. అడ్డు వారకు పోయి నోళ్లు తెరిస్తే ఉక్క. చల్లిన నూకల్లా అంతటా తిరుగుతుంటే సరి. ఎత్తడం, చూడటం, అవసరమైతే మళ్లీ దించడం. దించితే సిగ్గేమీ లేదు. మిగిలినవన్నీ బతికాయి. ఈకలు నిండుగా వచ్చాయి. బల్బు తీసేశాను.

ఇక నేను చెప్పాల్సింది చెబుతాను.

మొన్న ఆదివారం కొత్తపట్నం వచ్చాను.

జనాభా లెక్కల డ్యూటీ వల్ల నెలంతా రాలేనని రాశావు కదా. పాపం ఎండలో ఇల్లిల్లూ తిరుగుతోంది, మధ్యాహ్నం అన్నానికైనా ఇంటికి రాకపోతుందా, నేనే వెళ్లి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నాన్న గోంగూర పచ్చడి కట్టిచ్చాడు. నేను ఒక కోడిపిల్లను బుట్టలో పెట్టుకున్నాను, ఈకలు నీకు చూపిద్దామని. బస్సులో అది ఒకటే అరుపు. "ఏమ్మాయ్, దానికి అర టిక్కెట్టా, ఫుల్లా?" అన్నాడు జయరావు గారు. "వాళ్లమ్మ దగ్గరికి తీసుకుపోతున్నావా?" అని వెనక సీటు ఆమె అడిగింది. "మా అమ్మ దగ్గరికి" అన్నాను. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మీ వీధి మొదట్లో అడిగితే ఇల్లు చూపించారు. కంచె దగ్గరికి వచ్చేసరికి నువ్వు వరండాలో ఉన్నావు. తల ఆరబోసుకుని, స్తంభానికి ఆనుకుని, కాళ్లు చాపుకుని వారపత్రిక చదువుతున్నావు. పక్కన పల్లెంలో వేరుశనక్కాయలు. ఇంట్లో నువ్వు జుట్టు విరబోసుకుని ఉండగా ఎప్పుడూ చూడలేదు నేను. విరబోసుకుంటే ఇంటికి అరిష్టమని నాయనమ్మ అరిచేది. నువ్వు కాళ్లు చాపుకుని కూర్చోవడం కూడా అదే మొదటిసారి చూడటం. బుట్టలో పిల్ల అరిచింది. నువ్వు తలెత్తావు. కంచె వైపు చూసి, నేను కనబడలేదేమో, మళ్లీ పేజీ తిప్పుకున్నావు.

లోపలికి రాలేకపోయాను. వీధికి అవతల బోరింగు దగ్గర నీళ్లు కొడుతున్న ఒకామె నన్ను చూసింది. మీ ఇంటి ఓనరు మస్తాన్‌బీ అట.

"ఎవరమ్మాయ్? టీచరమ్మ కోసమేనా? పో లోపలికి, ఖాళీగానే ఉంది."

"లెక్కల డ్యూటీ లేదా?" అన్నాను.

"మా వీధులు మొన్నే అయిపోయినయ్. నా వయసు నాకే తెలీదు, నువ్వే రాసుకో టీచరమ్మా అంటే నలభై అని రాసింది. చల్లంగుండాలి తల్లి!" అని నవ్వి, నేనడక్కుండానే చెప్పింది. "పోయిన ఎండాకాలం వాళ్ల ఊరి పక్క బడికి పొమ్మని పైవాళ్లు పిలిస్తే, వద్దని రాసిచ్చేసింది తెలుసా? ఇక్కడే హాయిగా ఉంది మస్తాన్‌బీ అంది. మా పిల్లలు అదృష్టవంతులు."

"ఆమెకు ఇంటి దగ్గర ఎవరూ లేరా?"

"ఎందుకు లేరు? ఒక కూతురుందంట. పెద్దదైపోయింది, ఇంక దానికి నాతో పనేముంది అంటది. ఇంతకీ నువ్వెవరు?"

"శిష్యురాలిని. మళ్లీ వస్తాను" అన్నాను.

నీ ఇంటి ముందు నిలబడి, నీ కూతురినని చెప్పుకోలేకపోయాను అమ్మా.

తిరుగు బస్సులో లెక్క వేసుకున్నాను. మొదట ప్రతి శనివారం వచ్చేదానివి. తర్వాత రెండు శనివారాలకొకసారి. తర్వాత జీతం ఇచ్చిపోవడానికి నెలకొకసారి. తర్వాత ఉత్తరాలు. తర్వాత నీ బదులు అట్టపెట్టె. ఒక్కసారి కూడా నాకు తేడా తెలియలేదు. బదిలీ రాలేదని నువ్వు రాసినప్పుడు ఆ పైవాళ్లను నేను ఎన్ని తిట్టానో! ఎంత బాగా చేశావమ్మా. క్రమేణా. ఆ మాట ఇప్పుడు నాకు నచ్చడం లేదు.

నాయనమ్మ మాటలు పడలేక వెళ్లావంటే నాకు అర్థమవుతుంది. ఇన్నేళ్లు నువ్వు వంటింట్లో నిలబడి తినడం చూసినదాన్నే. నన్నడిగి ఉంటే నేనే నీ బట్టలు సర్దిచ్చేదాన్ని. నువ్వు వెళ్లినందుకు కోపం లేదు. బల్బు ఎత్తిన ప్రతిసారీ నువ్వు నన్ను చూడలేదు. అదీ నా కోపం. కోడిపిల్లలకు నీళ్లు వెచ్చగా ఉన్నాయా అని అడిగావు. నీకెలా ఉందే అని ఒక్క ఉత్తరంలోనైనా అడిగావా? మళ్లీ వెతికి చూశాను, లేదు. పెద్దదాన్నయ్యానని ఎవరు చెప్పారు నీకు? నువ్వు రాని శనివారాల్లో నీ పాత చీర కప్పుకుని పడుకుంటున్నానని నీకెవరు చెబుతారు?

ఇంటికొచ్చాక నాన్న అడిగాడు, "అమ్మ ఎలా ఉందే? చిక్కిపోయిందా ఎండల్లో తిరిగి?" అని. "డ్యూటీలో ఉంది నాన్నా, కనబడలేదు. పచ్చడి ఓనరు వాళ్లకిచ్చాను" అన్నాను. అబద్ధం. పచ్చడి బస్సులోనే వదిలేశాను. నీ అబద్ధం ఇప్పుడు నా నోట్లోంచి వస్తోంది.

ఇది ఇక్కడితో ఆగేది కూడా కాదు. వచ్చే సోమవారం నాన్న ఒంగోలులో మీ ఆఫీసుకు వెళ్తానంటున్నాడు. "ఊరికే ఉత్తరాలు రాస్తే ఎవరు పట్టించుకుంటారు? మనిషి వెళ్లి నిలబడితే సిగ్గుపడి అయినా ఇస్తారు బదిలీ" అని. కొత్త మిరపకాయల్లో మంచి రంగున్నవి ఏరి మూట కట్టాడు, అక్కడి గుమస్తాలకు ఇవ్వడానికట. తెల్ల చొక్కా ఇస్త్రీకి వేశాడు. వాళ్లు కాగితాలు తిరగేసి, "మీ ఆవిడే వద్దని రాసిచ్చింది కదండీ" అంటే, అందరి ముందూ ఆ మూట పట్టుకుని నాన్న ఎలా నిలబడతాడో ఆలోచించు. నాకు రెండు రోజుల నుంచీ అదే కనబడుతోంది.

అందుకని శనివారం రా. ఆయనకు నువ్వే చెప్పు. తిరిగి రమ్మని నేను అడగను, నాన్నను అడగనివ్వను కూడా. నాయనమ్మను పెదనాన్న వాళ్లింటికి పంపిస్తాను, మీరిద్దరూ నెమ్మదిగా కూర్చుని మాట్లాడుకోవచ్చు. నువ్వు రాకపోతే ఆదివారం నేనే చెప్పేస్తాను. నాకు వచ్చిన మాటలన్నీ వెతికాను, ఆయనకు తగిలినా గుచ్చుకోని మాట ఒక్కటీ దొరకలేదు. నీ దగ్గర ఉంటుందేమో.

వచ్చేటప్పుడు పెద్ద సంచి తేవద్దు. చెయ్యి ఊపుకుంటూ దిగు. సంచి చూస్తే ఉండిపోవడానికి వచ్చావనుకుంటాడు.

ఇట్లు,
నిన్ను కంచె అవతలి నుంచి చూసి వచ్చిన
నీ కూతురు
శ్రీరమ్య