రెండో నంబరు

సెప్టెంబరు 2008, ఆదివారం

ఒళ్ళంతా నొప్పులే. అయినా నొప్పి కంటే కోపమే నిద్ర పట్టనివ్వడం లేదు.

పొద్దున కిన్నెరసాని ఒడ్డున, రాఫ్టింగ్ నేర్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన సారు మా కొత్తవాళ్ళందరికీ నంబర్లు చెప్పాడు. నీటి ఉరవడి ఒకటైతే తేలిక, ఆరైతే ప్రాణాంతకం. ఈ మలుపు దగ్గరది రెండట, భయం లేదట.

మాతో వచ్చిన ముత్తయ్య మామది భద్రాచలం, పడవ నడుపుతాడు. "రెండోదంటే సామాన్లు సదురుకునుడే గద సారూ," అన్నాడు. గోదావరి పెరిగి రెండో ప్రమాద హెచ్చరిక వస్తే వాళ్ళ వాడకట్టు చేసే పని అదే. అందరం నవ్వాం. మామ నవ్వలేదు.

"మా నంబరు నీళ్ళను బట్టి మారుతది. మీది ఎప్పుడు రాసిండ్రు?"

"ఎండాకాలంలో," అన్నాడు సారు, హెల్మెట్ బిగించుకుంటూ. రాత్రంతా ఎగువన వాన కొట్టిందని ఆయనకూ తెలుసు.

మలుపులో రాఫ్ట్ బోల్తా పడింది. లైఫ్ జాకెట్లు ఉండబట్టి ఎనిమిదిమందిమీ బయటపడ్డాం. నా పక్కన కూర్చున్న సుజాతకు మోచెయ్యి చీరుకుపోయింది.

ఒడ్డెక్కాక సారు తీరిగ్గా, "ఇవాళ అది నాలుగు ఉంటుందేమో," అన్నాడు. పొద్దున రెండు అన్నప్పుడు ఆ 'ఏమో' ఎక్కడికి పోయింది?

మొహం మీదే అడిగేద్దామనుకున్నాను. ఇంతలో మామ తల తుడుచుకొమ్మని నాకు తన తువ్వాలు ఇచ్చాడు.

సారును అడగడం మానేసి తల తుడుచుకున్నాను. పొద్దున అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.