నొప్పి అంకె ఒక్కటే రాశాను

డాక్టరు గారికి నమస్కారం. మావారిని ఒంటరిగా వదల్లేక ఈ ఉత్తరం మా అమ్మాయితో పంపుతున్నాను.

నడుము ఆపరేషన్ తర్వాత మీరు మొదట ఇచ్చిన మాత్రతో నొప్పి పదికి ఐదున్నా, "ఏమోయ్, ఇంకో నడుముంటే అదీ కోయించుకుందును" అని నవ్వించేవారు. మంగళవారం మీరు మాత్ర మార్చాక నొప్పి రెండుకి దిగింది. మీరడిగింది అదే కదాని పుస్తకంలో ఆ అంకె ఒక్కటే రాశాను. అది చూసి ఇదే వాడమన్నారు. మాత్ర మారినప్పటి నుంచీ ఆయనకు పట్టుకున్న దిగులు, ఉలికిపాటు నేను రాయలేదు.

ఈ నొప్పి మందులు మెదడులో అతుక్కునే చోట్లు, అదే గ్రాహకాలు, వేరువేరట. ఒకటి హాయినిస్తే ఇంకొకటి దిగులు పుట్టిస్తుందని మందుల షాపాయన ఇప్పుడు చెప్పాడు.

పొద్దున ఈయన, "బాల్కనీకి తాళం వేసి చెవి నీ దగ్గరే ఉంచుకో. నా మీద నాకే నమ్మకం లేదు" అన్నారు. వేశాను. మధ్యాహ్నం మాత్ర ఇవ్వనా, మాననా? వెంటనే చెప్పి పంపండి. నొప్పి మళ్లీ ఐదైనా సరే, నాకు మనిషి దక్కాలి.