పగడం అడుగున గుడ్లు

మంగళవారం రాత్రి

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో నేను పెంచే పగడం కొమ్మ నాలుగు రోజులుగా పాలిపోతోంది. పొద్దున మందు నీళ్లలో ముంచి ఊపితే పల్చటి పురుగులు రాలాయి. ఇక బతికినట్టే అనుకున్నాను. మిరప చేను నుంచి వచ్చిన నాన్న కొమ్మను తిరగేశాడు.

"ఒరేయ్, అడుగున గుడ్లు చూడు. మందుకి ఇవి చావవు. గీకేసి, వారం ఆగి మళ్లీ ముంచు."

నిజమే, గోధుమరంగు గుడ్లు. బ్లేడుతో గీకాను.

నిన్ననే ఆయన చేతిలోంచి పురుగుమందు డబ్బా లాక్కుని, "మట్టిని చంపుతున్నావు" అని, పురుగుమందులు వాడొద్దనే కరపత్రం ఒకటి చదివి వినిపించాను.

"మందెందుకు, ఈ పురుగులకి కూడా కరపత్రం చదవకపోయావా?" అని ఇవాళ నేను గీకుతుంటే నాన్న నవ్వాడు. ఒళ్లు మండింది. కరపత్రం తప్పని ఇప్పటికీ అనను. కానీ మిరపాకు తిరగేసి పురుగుందో లేదో చూడకుండా ఆయన ఏనాడూ మందు కొట్టలేదట. ఆ సంగతి అమ్మ చెబితే తెలిసింది. నేనెప్పుడూ అడగలేదు.