గట్టు మీద పెట్టిన అర్జీ

బాబాయి గారికి,

కొల్లేటిలో మీరు కట్టిన అక్రమ చేపల చెరువు గట్టు కొట్టెయ్యమని కలెక్టరు గారికి అర్జీ రాసింది నేనే. అది తప్పని ఇప్పటికీ అనను.

హెపటైటిస్ సి వల్ల నాన్న లివరు పూర్తిగా పాడైంది. మార్చకపోతే రెండు నెలలే అన్నారు. నాది ఇద్దామంటే నాకూ అదే వైరస్ ఉందట. జ్వరాలప్పుడు మన ఊరి ఆర్ఎంపీ మా ఇద్దరినీ ఒకే సూదితో పొడిచాడు. మీరు అప్పటికే కైకలూరు వెళ్ళిపోయారు. నాన్నకి తోబుట్టువు మీరొక్కరే.

"ముందు ఆ అర్జీ వెనక్కి తీసుకోమను, తర్వాత లివరు సంగతి చూద్దాం" అని పిన్నితో కబురంపారు. దీన్ని బేరం అంటారండీ. అయినా అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టి, కాగితం దీంతో పంపుతున్నాను. సోమవారం విజయవాడ ఆస్పత్రికి రండి.

అర్జీ వెనక్కి తీసుకున్నానని నాన్నకి మాత్రం చెప్పకండి. ఆ అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే.

మీ అన్నగారి అబ్బాయి